యుద్ధం రాని చోట ఇంగ్లండ్ కుర్రాడి సమాధి ఎందుకుంది? శిక్షణలో ఉన్న పైలట్ బతుకు ఎలా ఉండేది?

మీ ప్రశ్న ఇది. కెనడాలో కాల్గరీకి దక్షిణాన ఒక చిన్న ఊరి శ్మశానంలో ఒకే కొలతలో చెక్కిన రాళ్ళ వరస చూశారు. ఒక రాయి మీద "లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, పైలట్ యూ/టీ, రాయల్ ఎయిర్ ఫోర్స్", 1942లో ఒక తేదీ, వయసు 20 అని ఉంది. శత్రు విమానం ఒక్కటీ రాని ఈ మైదానంలో ఆ కుర్రాడు ఎలా చనిపోయాడు, ఇంత దూరం ఎందుకొచ్చాడు, ఇక్కడ అతని రోజులు ఎలా గడిచేవి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, యూ/టీ అంటే ఇంకా శిక్షణలో ఉన్నవాడని. అతను యుద్ధాన్ని చూడకుండానే, చాలావరకు శిక్షణ విమానం కూలిపోయి చనిపోయి ఉంటాడు. జబ్బుతోనో రోడ్డు ప్రమాదంలోనో పోయినవాళ్ళూ ఉన్నారు, కానీ తక్కువ. 1939 డిసెంబర్ 17న ఒట్టావాలో కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సంతకాలు చేసిన ఉమ్మడి శిక్షణ పథకం కింద అతను ఇక్కడికి వచ్చాడు. 1945 మార్చి 31న ముగిసేలోగా ఆ పథకం 1,31,553 మంది ఎయిర్‌క్రూను, అంటే విమానంలో ఎగిరే సిబ్బందిని, తయారుచేసింది. అందులో పైలట్లు 49,808 మంది. శిక్షణలోనే 850 మందికి పైగా ట్రైనీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మీరు చూసిన రాయి వాళ్ళలో ఒకరిది కావచ్చు.

ఆ వరసలో అందరూ పరాయి దేశాల వాళ్ళే ఎందుకు కనిపిస్తారు? ఇది చాలామందికి తట్టని విషయం. ఈ పథకంలో కెనడా కుర్రాళ్ళు ఇంకా ఎక్కువమంది చదివారు, వాళ్ళూ చనిపోయారు. కానీ కెనడా కుర్రాడు చనిపోతే శవపేటికను రైల్లో సొంత ఊరికి పంపేవారు, కుటుంబ శ్మశానంలోనే పూడ్చేవారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కుర్రాళ్ళకు ఆ వీలు లేదు. ఏ దేశంలో పోతే అక్కడే సమాధి అన్నది కామన్వెల్త్ దేశాల నియమం. అందుకే స్కూలుకు దగ్గరి ఊరి శ్మశానంలో దూరదేశాల వాళ్ళే మిగిలారు. వాళ్ళ అమ్మానాన్నల్లో చాలామంది ఆ రాయిని ఎప్పుడూ చూడలేదు.

ఇక కెనడా ఎందుకంటే, బ్రిటన్ ఆకాశం అప్పటికే కిక్కిరిసి ఉంది. రాత్రిపూట దీపాలు ఆర్పేయాలి, వాతావరణం నమ్మరానిది, శిక్షణలో ఉన్నవాడి మీదికి శత్రు విమానం రావచ్చు. కెనడాలో విశాలమైన మైదానాలున్నాయి, పక్కనే అమెరికా పెట్రోలు, విమాన కర్మాగారాలు ఉన్నాయి, శత్రువుకి అందనంత దూరం ఉంది. పథకం ఉచ్ఛస్థితిలో 107 స్కూళ్ళు, వాటికి ఆసరాగా 184 యూనిట్లు, మొత్తం 231 చోట్ల నడిచాయి. స్కూలు నంబరు 31 లేదా అంతకంటే ఎక్కువైతే అది బ్రిటన్ నుంచి తరలించిన రాయల్ ఎయిర్ ఫోర్స్ స్కూలు అని గుర్తుపెట్టుకోండి. మీ దగ్గరే డీ విన్టన్‌లో 31వ ఎలిమెంటరీ స్కూలు (పైలట్ శిక్షణలో మొదటి దశ), కాల్గరీలో 37వ సర్వీస్ స్కూలు (రెండో దశ), కొంచెం దూరంగా మెడిసిన్ హ్యాట్‌లో 34వ సర్వీస్ స్కూలు ఉండేవి.

ఆ కుర్రాడు మీ ఊరికి చేరేసరికే ఎన్నో నెలలు గడిచి ఉంటాయి. 1941 మధ్య నుంచి చేరినవాళ్ళు ముందు లండన్‌లో సెయింట్ జాన్స్ వుడ్ దగ్గరి రిసీవింగ్ సెంటర్‌కి వెళ్ళేవారు. లార్డ్స్ క్రికెట్ మైదానంలో హాజరు, రీజెంట్స్ పార్క్ జూ రెస్టారెంట్‌లో భోజనం, చేతులకు టీకాలు, జుట్టు కత్తిరింపు, పొద్దస్తమానం డ్రిల్లు. అక్కడినుంచి టార్కీ, న్యూక్వే, స్కార్‌బరో, అబెరిస్ట్‌విత్ లాంటి సముద్రతీర ఊళ్ళలో ఖాళీ చేయించిన హోటళ్ళలో ఇనీషియల్ ట్రైనింగ్ వింగ్: లెక్కలు, నావిగేషన్, వాతావరణం, మోర్స్, విమానాల గుర్తింపు. అది పాసైతే లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్ హోదా. టోపీ ముందు భాగంలో తెల్లగుడ్డ పట్టీ అంటే ఎయిర్‌క్రూ శిక్షణలో ఉన్నవాడని గుర్తు. మీరు చూసే పాత ఫోటోల్లో ఆ పట్టీ కోసం చూడండి. 1942 నుంచి దీనికి మరో మెట్టు చేర్చారు: టైగర్ మాత్ అనే చిన్న శిక్షణ విమానం మీద సుమారు 12 గంటలు ఎగరనిచ్చి, పైలట్‌గా పనికొస్తాడా, నావిగేటర్‌గా పంపాలా, బాంబ్ ఎయిమర్‌గా పంపాలా అని తేల్చేవారు.

తర్వాత మాంచెస్టర్ దగ్గర హీటన్ పార్క్. అక్కడ చేసేది ఎదురుచూడటమే. ఓడ ఎప్పుడొస్తుందో చెప్పరు, ఎక్కడికి పంపుతారో చెప్పరు. చివరికి అట్లాంటిక్ మీద జలాంతర్గాముల భయంతో ప్రయాణం, కెనడా రేవు హాలిఫాక్స్, న్యూ బ్రన్స్‌విక్‌లోని మాంక్టన్‌లో 31వ పర్సనెల్ డిపో, మళ్ళీ ఎదురుచూపు, ఆ తర్వాత పడమటికి రోజుల తరబడి రైలు. ఈ కుర్రాళ్ళ ఉత్తరాలు చదివేవారికి నేను చెప్పే ముఖ్యమైన మాట ఇదే: ఇంటిమీద బెంగ బాగా ముదిరేది ఎగిరే రోజుల్లో కాదు, డిపోల్లో ఖాళీగా కూర్చున్న వారాల్లో. స్కూలు మొదలయ్యాక బెంగపడటానికి తీరిక దొరికేది కాదు. ఉత్తరాల్లో గొణుగుడు, చిరాకు ఎక్కువగా కనిపించే తేదీలను మాంక్టన్ తేదీలతో పోల్చి చూడండి.

ఎలిమెంటరీ స్కూల్లో ఎనిమిది వారాల పైన, 50 నుంచి 70 గంటల వరకు ఎగరడం ఉండేది. బ్యాచిని రెండుగా చీల్చి ఒక సగాన్ని పొద్దున విమానాలకు, ఇంకో సగాన్ని తరగతులకు పంపి, మధ్యాహ్నం మార్చేవారు. పడక చెక్క బ్యారక్‌లో, రెండంతస్తుల మంచాల మీద. యుద్ధకాలపు ఇంగ్లండ్ నుంచి వచ్చినవాడికి ఇక్కడి మెస్సులో గుడ్లు, పాలు, తెల్ల రొట్టె, మాంసం చూస్తే కళ్ళు తిరిగేవి. రాత్రి వీధి దీపాలు వెలిగి ఉండటం ఇంకా పెద్ద వింత. ఇంటికి రాసే మొదటి ఉత్తరాల్లో సగం తిండి గురించే ఉంటాయి. అది చూసి వీడికి బాధ్యత లేదనుకోకండి. మిగతా సంగతులు రాయడానికి సెన్సారు ఒప్పుకోదు, రాస్తే అమ్మ భయపడుతుంది.

గాలిలో పాఠాలకు నంబర్లు ఉండేవి. లాగ్‌బుక్‌లో 'డ్యూటీ' అనే గడిలో 2, 4, 5, 6 అని మాత్రమే రాసి ఉంటుంది. కంట్రోళ్ళ ప్రభావం, తిన్నగా సమతలంగా ఎగరడం, ఎక్కడం-దిగడం-స్టాల్ (వేగం చాలక రెక్కలు పట్టు వదలడం), మామూలు మలుపులు అని వాటి అర్థం. తర్వాత గాలికి ఎదురుగా టేకాఫ్, ల్యాండింగులు, స్పిన్ (గిరగిరా తిరుగుతూ పడటం), ఆ పైన మొదటి సోలో, అంటే ఒంటరిగా ఎగరడం. నంబర్లు ఎడిషన్‌ను బట్టి కొంచెం మారాయి కనుక లాగ్‌బుక్ ముందు పేజీల్లో అంటించిన పట్టికతోనే సరిచూసుకోవాలి. టైగర్ మాత్‌లో ఇన్‌స్ట్రక్టర్ ముందు, కుర్రాడు వెనక. ఇద్దరి మధ్యా మాట రబ్బరు గొట్టం ద్వారా నడిచేది. రేడియో లేదు. నేల మీద పరిచిన 'టీ' ఆకారపు గుర్తు చూసి గాలివాటం తెలుసుకోవాలి, దీపపు సైగ చూసి దిగాలి.

మొదటి సోలో 8 నుంచి 12 గంటల డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగరడం) లోపు రావాలి. ఆ లెక్క దాటుతుంటే కుర్రాడికి నిద్ర పట్టదు. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ వచ్చి కూడా కూర్చుని పరీక్ష పెడతాడు. అందులో తప్పితే పైలట్ కోర్సు నుంచి తీసేస్తారు, నావిగేటర్‌గానో బాంబ్ ఎయిమర్‌గానో వేరే స్కూలుకు పంపుతారు. ఎక్కువమంది తప్పింది ల్యాండింగ్‌లో. నేల ఇంకా పది పదిహేనడుగుల కింద ఉండగానే విమానాన్ని సమం చేసేస్తే వేగం చచ్చి ధబ్బున పడుతుంది. ఆలస్యం చేస్తే చక్రాలు తగిలి ఎగిరెగిరి పడుతుంది. కళ్ళు రెక్క పక్కగా దూరం చూడాలి, కుర్రాడేమో విమానం ముక్కు కిందికి చూస్తాడు. కడుపులో తిప్పడం తగ్గకపోవడం రెండో కారణం. రాత్రికి రాత్రి ఖాళీ అయిన మంచం, కనపడని నేస్తం, మర్నాడు ఆ పేరు లేకుండా హాజరు: చావుకన్నా ముందు ఆ కుర్రాళ్ళు భయపడింది దీనికి. ఇంట్లో ఊరంతా చెప్పుకున్నారు, పైలట్ కాలేదని ఎలా రాయాలి అన్నది వాళ్ళ గుబులు.

చలి సంగతి వేరే చెప్పాలి. కెనడాలో తయారైన టైగర్ మాత్‌కి మూత ఉన్న కాక్‌పిట్, హీటర్, బ్రేకులు ఉండేవి. 1942లో, కాల్గరీ ఉన్న ఆల్బర్టా రాష్ట్రంలోని రాయల్ ఎయిర్ ఫోర్స్ స్కూళ్ళకు అమెరికా నుంచి స్టియర్‌మన్ విమానాలు వచ్చాయి. వాటికి రావాల్సిన మూతలు, చలి సామగ్రి రాలేదు. బయట సున్నాకు 30 డిగ్రీలు కిందకి పోతుంటే తెరిచిన కాక్‌పిట్‌లో ముఖం నిమిషాల్లో మొద్దుబారిపోయేది. చివరికి వాటిని తిరిగి పంపేసి, మూత ఉన్న కార్నెల్ విమానాలు తెచ్చుకున్నారు. నేల మీద పనివాళ్ళు సాయంత్రం ఇంజను వేడిగా ఉండగానే ఆయిల్ దించి వెచ్చటి చోట పెట్టేవారు, పొద్దున ఇంజనుకు గుడ్డ ముసుగు వేసి కింద హీటరు పెట్టి కాచి ఆయిల్ పోసేవారు. రెక్కల మీద పట్టిన మంచుపొడి చీపురుతో తుడవకపోతే విమానం లేవదు. పొర పల్చగా ఉన్నా దాని గరుకుతనం గాలి ప్రవాహాన్ని చెడగొడుతుంది.

ఇదే సంవత్సరాల్లో మన బేగంపేటలో కూడా ఇండియన్ ఎయిర్ ఫోర్స్ కుర్రాళ్ళు టైగర్ మాత్‌ల మీద ఎలిమెంటరీ శిక్షణ పొందారు, తర్వాత అంబాలా సర్వీస్ స్కూలుకి వెళ్ళేవారు. అక్కడి బాధ చలి కాదు, ఎండ. వేడి గాలి పల్చన కనుక పరుగు పొడవవుతుంది, మధ్యాహ్నం నేల దగ్గర కుదుపులు ఎక్కువ. పాఠాల వరస, సోలో గండం మాత్రం ఆల్బర్టాలో ఉన్నవే.

ఎలిమెంటరీ దాటితే సర్వీస్ స్కూలు. ఫైటర్ వైపు వెళ్ళేవాడికి హార్వర్డ్, బాంబర్ వైపు వెళ్ళేవాడికి ఆక్స్‌ఫర్డ్, ఆన్సన్, క్రేన్ లాంటి రెండింజన్ల విమానాలు. హార్వర్డ్ దాదాపు 600 హార్స్‌పవర్ ఇంజను, మడిచే చక్రాలు. నేల మీద పరుగులో కాళ్ళు కాస్త బద్ధకించినా తోక గిర్రున తిరిగిపోయేది. ఇన్‌స్ట్రుమెంట్ల పాఠం మొదట నేల మీదే, లింక్ ట్రైనర్ అనే మూసిన పెట్టెలో. మీటలు కదిపితే గాలితిత్తుల మీద అది ఊగుతుంది, పక్క బల్ల మీది మ్యాపులో సిరాచక్రం కుర్రాడు ఎటు 'ఎగిరాడో' గీస్తూ పోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న, ఎలా చనిపోయేవారు. రికార్డు చూసేటప్పుడు నేను మొదట వెతికేది తేదీ, ఆ తర్వాత ప్రమాదం జరిగిన వేళ. ఆ రెండూ తెలిస్తే కారణం సగం తెలిసినట్టే.

రాత్రి టేకాఫ్ మొదటిది. మైదానం మీద ఎక్కడా వెలుగు ఉండదు. దీపాల వరస దాటగానే ముందు అంతా నలుపు. విమానం వేగం పుంజుకుంటున్నప్పుడు శరీరం వెనక్కి నొక్కుకుంటుంది, లోపలి చెవి దాన్ని ముక్కు పైకి లేస్తున్నట్టుగా మెదడుకి చెబుతుంది. కుర్రాడు తనకు తెలియకుండానే స్టిక్ (విమానాన్ని పైకీ కిందికీ, పక్కలకీ వంచే కర్ర) ముందుకు తోస్తాడు. విమానం పూర్తి పవర్‌తో, మెల్లగా, తిన్నగా నేలలోకి వెళ్ళిపోతుంది. రన్‌వే దాటిన కొద్ది దూరంలోనే, ఇంజను బాగానే పనిచేస్తుండగా కూలింది అని నివేదికలో ఉంటే ఇదే కారణమని నేను అనుమానిస్తాను. అందుకే చక్రాలు నేల విడవగానే బయటికి చూడొద్దు, చూపు ఇన్‌స్ట్రుమెంట్ల మీదే ఉండాలి అని తలలో గట్టిగా ఎక్కించేవారు. ఆకాశంలో చుక్కలకీ, దూరంగా ఉన్న పొలాల ఇళ్ళ దీపాలకీ తేడా తెలియక దారితప్పినవాళ్ళూ ఉన్నారు.

రెండోది దిగేముందు చివరి మలుపులో స్పిన్. గాలి తోసి విమానం రన్‌వే గీత దాటిపోతుంది. దాన్ని అందుకోవాలని కుర్రాడు రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే పెడలు) ఎక్కువ తొక్కుతాడు, వంపు పెరగకుండా స్టిక్ రెండోవైపు పెడతాడు, ముక్కు జారకుండా వెనక్కి లాగుతాడు. లోపలి రెక్క ఒక్కసారిగా పట్టు వదిలేస్తుంది, విమానం గిరగిరా తిరుగుతూ పడుతుంది. స్పిన్ నుంచి బయటపడే పద్ధతి ప్రతివాడికీ కంఠతా వచ్చు: తిరుగుడుకు ఎదురు రడ్డర్ పూర్తిగా, ఒక్క క్షణం ఆగి స్టిక్ ముందుకి, తిరగడం ఆగాక రడ్డర్ మధ్యకు, మెల్లగా పైకి. మూడు నాలుగు వేల అడుగుల్లో అది పనిచేస్తుంది. నాలుగైదు వందల అడుగుల్లో చోటు చాలదు.

మూడోది అనుమతి లేని కింది ఎగురుడు, అంటే నేలకు మరీ దగ్గరగా ఎగరడం. దొరికితే కోర్టు మార్షల్. అయినా ఇరవై ఏళ్ళ వయసు, సోలో విమానం, కనుచూపు మేర ఎవరూ లేని పొలం. టెలిఫోన్ తీగ కనిపించేసరికి తప్పించుకునే వ్యవధి ఉండదు. నిశ్చలంగా ఉన్న చెరువు నీళ్ళ మీద ఎంత ఎత్తులో ఉన్నామో కంటికి తెలియదు. దీన్ని తుంటరితనం అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. కింది ఎగురుడు సిలబస్‌లోనే ఉంది, యుద్ధంలో ప్రాణం కాపాడేదీ అదే, దాని రుచి చూపించింది స్కూలే.

గాలిలో ఢీకొనడాలు, మంచుతుఫానులో దారి తప్పడాలు మిగతావి. మామూలు రోజున ఈ మైదానం నావిగేటర్‌కి వరం: మైలు పలకలుగా కొలిచిన పొలాలు, ఉత్తర-దక్షిణాలుగా తూర్పు-పడమరలుగా గీసినట్టున్న రోడ్లు, రైలు పట్టాలు, గోడల మీద ఊరిపేరు రాసిన ధాన్యపు ఎలివేటర్లు (ఎత్తైన ధాన్యపు గోదాములు). మంచు కురిసిందంటే ఇవన్నీ ఒకే తెలుపులో కలిసిపోతాయి.

చావు తర్వాత జరిగేది త్వరగా జరిగేది. ఇంటికి టెలిగ్రాం, విచారణ బోర్డు, రెండు మూడు రోజుల్లో అంత్యక్రియలు, పేటిక మోసేది అదే బ్యాచి కుర్రాళ్ళు. వస్తువులు ఏరి కట్టి ఇంటికి పంపేవారు. అతను చివరగా రాసిన ఉత్తరం టెలిగ్రాం వెళ్ళిన వారాల తర్వాత ఇల్లు చేరడం మామూలే, ఎందుకంటే ఓడ టపాకు అంత పట్టేది. ఓడ మునిగితే ఉత్తరాలూ మునుగుతాయి కనుక, చాలా కుటుంబాలు ఉత్తరాలకు నంబర్లు వేసుకునేవి, ఏది అందలేదో తెలియడానికి. 1941 నుంచి కొన్ని మార్గాల్లో ఎయిర్‌గ్రాఫ్ వచ్చింది: ఉత్తరాన్ని చిన్న ఫిల్ముగా తీసి విమానంలో పంపి అక్కడ అచ్చువేసేవారు. అత్యవసరమైతే నంబర్లున్న తయారు వాక్యాల్లోంచి మూడు ఎంచుకుని పంపే చౌక కేబుల్ ఉండేది. అందుకే పుట్టినరోజు కేబుల్ ఒక్కోసారి ఎవరో పరాయివాళ్ళు రాసినట్టు అనిపిస్తుంది. ఇక్కడి స్థానిక కుటుంబాలు ఆదివారం భోజనానికి, క్రిస్మస్‌కు ఈ కుర్రాళ్ళను ఇంటికి పిలిచేవి. చనిపోయాక వాళ్ళ అమ్మకు ఉత్తరం రాసిందీ, సమాధికి పూలు పెట్టి ఫోటో తీసి పంపిందీ చాలాచోట్ల ఆ ఇంటివాళ్ళే.

మీరు ఇంకా తెలుసుకోవాలనుకుంటే ఇలా చేయండి. రాయిపై గుర్తు చూడండి: గద్ద ఉన్న బ్యాడ్జి రాయల్ ఎయిర్ ఫోర్స్, ఫెర్న్ ఆకు న్యూజిలాండ్, మేపుల్ ఆకు కెనడా. సర్వీస్ నంబరు అక్షరం పొల్లు పోకుండా రాసుకోండి. ఏడంకెల నంబరు బ్రిటన్ ఎయిర్‌మన్‌ది, 'ఆర్'తో మొదలైతే కెనడా, 4తో మొదలయ్యే ఆరంకెలైతే ఆస్ట్రేలియా లేదా న్యూజిలాండ్ కావచ్చు. ఆ నంబరుతో కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటులో వెతికితే తల్లిదండ్రుల పేర్లు, ఊరు చాలాసార్లు దొరుకుతాయి. రాయి అడుగున కుటుంబం ఎంచుకున్న వాక్యం ఉందేమో చూడండి. న్యూజిలాండ్ ప్రభుత్వం ఆ వాక్యాలకు ఒప్పుకోలేదు కనుక వాళ్ళ రాళ్ళ మీద ఉండదు. అది లేదని ఇంట్లోవాళ్ళు పట్టించుకోలేదనుకోవద్దు.

అతను ఆస్ట్రేలియావాడైతే ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రమాద ఫైలు ఉండే అవకాశం ఎక్కువ, చాలావరకు స్కాన్ చేసి పెట్టారు. బ్రిటన్‌వాడైతే లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ క్యాజువాల్టీ ఫైళ్ళు విడతలుగా బయటికొస్తున్నాయి. అంతకంటే ముందు మీ ఊరి లైబ్రరీలో ఆ వారపు స్థానిక వార్తాపత్రిక మైక్రోఫిల్మ్ అడగండి. స్కూలు పేరు, ప్రమాదం జరిగిన పొలం, అంత్యక్రియలకు వచ్చినవాళ్ళ వివరాలు వాటిలో ఉండేవి. శ్మశానం రిజిస్టరులో అదే తేదీన, పక్క రాయి కింద ఇంకో పేరు ఉందేమో కూడా చూడండి. ఉంటే, ఆ రోజు విమానంలో ఇద్దరూ కలిసి ఉన్నారేమో ముందు ఆ దారిన వెతకండి. సర్వీస్ నంబరు, తేదీ ఇక్కడ రాస్తే ఏ స్కూలు కావచ్చో, ఏ విమానం కావచ్చో చెప్పడానికి ప్రయత్నిస్తాను.